రాయల్ ట్రూన్‌లో 152వ ఓపెన్: సముద్రపు గాలిలో గోల్ఫ్ చూసే ప్రేక్షకుడికి దక్కేది ఏమిటి

స్కాట్లాండ్ పశ్చిమ తీరాన, ఎయిర్‌షైర్ ప్రాంతంలోని రాయల్ ట్రూన్ మైదానంలో 2024 జూలై 18 నుంచి 21 వరకు 152వ ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ప్రపంచ గోల్ఫ్‌లో మేజర్లుగా లెక్కించే నాలుగు పోటీల్లో ఇదే అన్నిటికంటే పాతది. టికెట్టు కొని, రోజంతా కాలినడకన తిరిగి ఆట చూసే మనిషి వైపు నుంచి ఈ పోటీని అంచనా వేయడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఎవరు ఎన్ని దెబ్బల్లో ముగించారో ఇంట్లో కూర్చుని కూడా తెలుసుకోవచ్చు. అంత దూరం వెళ్లి, వానలో తడిసి, గంటల తరబడి నిలబడితే అదనంగా దక్కేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో దానికి సమాధానం గాలి. ఆటగాడి చొక్కాను ఊపుతున్న గాలే మన ముఖానికీ తగులుతున్నప్పుడు, అతను చేతిలోకి తీసుకున్న కర్రను తిరిగి సంచిలో పెట్టి మరొకటి తీయడం వెనకున్న ఆలోచన మనకు అర్థమవుతుంది. ఆ అవకాశాన్ని ఇంత పుష్కలంగా ఇచ్చే క్రీడా వేదికలు చాలా తక్కువ. ట్రూన్ వాటిలో ముందువరుసలో నిలుస్తుందని, కొన్ని లోపాలున్నా వెళ్లిరాదగిన పోటీ అని మొదటే చెప్పేస్తాను.

ఓపెన్‌ను ఎప్పుడూ లింక్స్ మైదానాల్లోనే ఆడతారు. సముద్రానికీ సాగుభూమికీ నడుమ మిగిలిన ఇసుక నేల, సన్నని గట్టి గడ్డి, ముళ్ల పొదలు, దిబ్బలు, దాదాపు చెట్లే లేని ఆరుబయలు: ఇదీ లింక్స్ స్వరూపం. ఇసుకలో నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి బంతి పడిన చోట ఆగకుండా చాలా దూరం దొర్లుతుంది. చెట్లు లేవు కాబట్టి గాలికి అడ్డే ఉండదు. ఈ రెండూ కలిసి ఆట స్వభావాన్నే మార్చేస్తాయి. వెనుకకు తిరుగుతూ లేచే బంతి ఎదురుగాలిలో మరింత పైకి ఎగసి, ముందుకు పోవలసిన దూరాన్ని పోగొట్టుకుంటుంది. ఎదురుగాలి తీసుకుపోయే దూరం, అంతే వేగంతో వెనుకనుంచి వీచే గాలి ఇచ్చే దూరంకంటే ఎక్కువ. అందుకే ఇక్కడ ఆటగాళ్లు బంతిని నేలకు దగ్గరగా పంపి, గ్రీన్‌కు (గుంట చుట్టూ ఉండే నున్నని గడ్డి నేలకు) చాలా ముందే పడేలా చేసి, మిగిలిన దూరాన్ని నేల ఎత్తుపల్లాలకు వదిలేస్తారు. బంతి ఏ వాలు మీద పడి ఎటు మళ్లుతుందో చివరి క్షణం దాకా తెలియదు. బంతి నేల తాకగానే ఆసక్తి తగ్గిపోయే మైదానాలు చాలా ఉన్నాయి. లింక్స్ మీద మాత్రం సగం ఆట బంతి నేల తాకాకే మొదలవుతుంది.

ట్రూన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. మొదటి హోల్స్ (తొలి దెబ్బ కొట్టే చోటునుంచి గుంట దాకా ఉండే ఆట భాగాలు, మొత్తం పద్దెనిమిది) తీరం వెంబడి దాదాపు ఒకే దిశలో దూరంగా వెళ్లిపోతాయి. మధ్యలో కొన్ని హోల్స్ దిబ్బల మధ్య మలుపులు తిరిగిన తరువాత, చివరివి క్లబ్బు భవనం వైపు తిరిగి వస్తాయి. ఇక్కడ మామూలుగా వీచే గాలి వెళ్లేటప్పుడు వెనుకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందువల్ల మొదటి సగంలో బర్డీలు (పార్, అంటే ఒక హోల్‌కు నిర్ణయించిన దెబ్బలు, వాటికంటే ఒకటి తక్కువలో ముగించడం) కూడబెట్టుకుని, రెండో సగంలో వాటిని కాపాడుకోవడం ఈ మైదానంలో తరతరాలుగా నడిచిన పద్ధతి. 2024లో మొదటి రెండు రోజులు ఈ లెక్క తలకిందులైంది. గాలి మామూలు దిశకు వ్యతిరేకంగా వీచింది. సులువుగా ఉండవలసిన తొలి హోల్స్ ఎదురుగాలిలో కఠినమయ్యాయి. అంతకు నెల కిందటే యూఎస్ ఓపెన్ గెలిచిన బ్రైసన్ డిషాంబో గురువారం మొదటి తొమ్మిది హోల్స్‌కు 42 దెబ్బలు తీసుకున్నాడు. డిషాంబో, రోరీ మెక్‌ఇల్రాయ్, టైగర్ వుడ్స్ ముగ్గురూ, రెండు రోజుల తరువాత దాదాపు సగం మందిని తప్పించే నియమం ప్రకారం, ఇంటిదారి పట్టారు. పేరున్న ఆటగాళ్ల కోసమే టికెట్టు కొన్నవారికి ఇది నిరాశే. నాకు మాత్రం మైదానం తనకు తానుగా ఆటను నడిపించిన ఆ రెండు రోజులు ఎంతో నచ్చాయి. ఎంపిక పోటీ ద్వారా వచ్చిన డేనియల్ బ్రౌన్ తొలిరోజు 65 దెబ్బలతో అగ్రస్థానంలో నిలవడం, 2019 విజేత షేన్ లౌరీ రెండో రోజు ముగిసేసరికి ముందంజలో ఉండడం, ఇవన్నీ ఆ గాలికి లొంగకుండా ఆలోచించినవారికి దక్కిన ఫలితాలే.

ఒక్కచోటే కూర్చుని రోజంతా గడపదలిచినవారికి 8వ హోల్‌ను మించినది లేదు. దాని పేరు పోస్టేజ్ స్టాంప్. స్కోరుకార్డు మీద దాని పొడవు 123 గజాలు. ఓపెన్ జరిగే మైదానాలన్నిటిలో ఇంత పొట్టి హోల్ మరొకటి లేదు. దానికి రెండు హోల్స్ ముందున్న 6వది 623 గజాలు, ఓపెన్ చరిత్రలోనే అతి పొడవైనది. అంటే ఈ పోటీ చరిత్రలో అత్యంత పొడవైన హోల్‌నూ, ఇప్పుడు పోటీ జరిగే మైదానాల్లో అత్యంత పొట్టి హోల్‌నూ ప్రేక్షకుడు కొద్ది నిమిషాల నడకలో చూడగలడు. ఎత్తైన చోటునుంచి పల్లం మీదుగా కొట్టిన బంతి, పెద్ద ఇసుక దిబ్బ పక్కగా చెక్కినట్టున్న సన్నని గ్రీన్ మీద ఆగాలి. చుట్టూ ఐదు బంకర్లు, అంటే ఇసుక గుంతలు. ఎడమవైపున్న ఇరుకైన బంకర్‌ను శవపేటిక అని పిలుస్తారు, దాని ఆకారం చూస్తే ఆ పేరులో అతిశయోక్తి కనిపించదు.

ఈ హోల్ దగ్గర కూర్చుంటే గోల్ఫ్ గురించి ఏమీ తెలియని మనిషికి కూడా గంటలో చాలా సంగతులు బోధపడతాయి. చేతికి అందేంత దగ్గరగా ఉన్నట్టు కనిపించే గ్రీన్‌కు ప్రపంచ స్థాయి ఆటగాళ్లు గడ్డిపరకలు తుంచి గాలిలోకి వదిలి చూస్తారు, సహాయకుడితో చాలాసేపు మాట్లాడతారు, కొట్టబోయి ఆగి వెనక్కి జరుగుతారు. తరువాత కొట్టిన బంతి గ్రీన్ అంచున పడి, నిలిచినట్టే నిలిచి, మెల్లగా బంకర్‌లోకి జారిపోతుంది. గురువారం మెక్‌ఇల్రాయ్‌కు సరిగ్గా ఇదే జరిగింది. బంకర్ నుంచి ఒక్క దెబ్బలో బయటపడలేక రెండు దెబ్బలు నష్టపోయాడు. శనివారం అగ్రస్థానంలో ఉన్న లౌరీ పతనం కూడా ఇక్కడే, ఇలాగే రెండు దెబ్బల నష్టంతో మొదలైంది. ఇదే హోల్‌లో 1950లో హెర్మన్ టిసిస్ అనే జర్మన్ అమెచ్యూర్ 15 దెబ్బలు తీసుకున్నాడు. 1973లో 71 ఏళ్ల జీన్ సారజెన్ ఒకే ఒక్క దెబ్బతో బంతిని గుంటలో వేసి, మరునాడు బంకర్ నుంచి నేరుగా గుంటలోకి కొట్టి, రెండు రోజులూ ఇక్కడ పట్టర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర) తాకే అవసరమే లేకుండా వెళ్లిపోయాడు. మైదానాల పొడవు పెంచుకుంటూ పోవడమే ఆధునిక గోల్ఫ్‌కు దారి అని వాదించేవారికి ఈ 123 గజాలకంటే బలమైన జవాబు నాకు తోచదు. బలంతో సమానంగా నైపుణ్యం కూడా కావాలన్నది ఈ క్లబ్బు లాటిన్ నినాదానికి అర్థం. ఆ మాటకు రుజువు కావాలంటే ఈ గ్రీన్ పక్కన కూర్చుంటే చాలు.

11వ హోల్ పేరు రైల్వే. కుడివైపున రైలు పట్టాలు దాని పొడవునా సాగుతాయి. అటువైపు వెళ్లిన బంతి హద్దు దాటినట్టే. టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) నుంచి పొదల మీదుగా, ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) కనబడకుండానే కొట్టాలి. టీవీలో చూసేవారికి భయం పుట్టించే హోల్ ఇది. అయితే స్థలం ఇరుకు కావడం వల్ల ప్రేక్షకుడికి ఇక్కడ మంచి చూపు దొరకడం కష్టం. దూరంనుంచి ఒక దెబ్బ చూసి ముందుకు సాగడమే మేలు.

ఈ నాలుగు రోజుల్లో దేని గురించైనా విపులంగా చెప్పాలంటే అది శనివారం గురించే. ఉదయం బయలుదేరిన వారికి వాతావరణం అనుకూలించింది. దక్షిణాఫ్రికాకు చెందిన థ్రిస్టన్ లారెన్స్ 65 కొట్టాడు. దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ సి-వూ 17వ హోల్‌లో 238 గజాల దూరంనుంచి ఒకే దెబ్బకు బంతిని గుంటలో వేశాడు. ఓపెన్‌లో నమోదైన అలాంటి దెబ్బల్లో ఇదే అతి పొడవైనది. మధ్యాహ్నానికి వాన మొదలైంది, గాలి పెరిగింది, దాని దిశ కూడా మారి తిరుగు ప్రయాణపు హోల్స్ అన్నిటికీ ఎదురుగా నిలిచింది. ఉదయం ఒకరు ఇనుప కర్రతో బంతిని గుంటలో వేసిన అదే 17వ హోల్‌కు సాయంత్రం వచ్చినవారు పొడవైన వుడ్ కర్రలు తీయవలసి వచ్చింది. 500 గజాలు దాటిన 15వ హోల్‌లో రెండు మంచి దెబ్బలు కొట్టినా గ్రీన్ చేరలేకపోయినవారు ఉన్నారు. లౌరీ 77తో వెనకబడ్డాడు. ఆ వానలోనూ 69తో నిలదొక్కుకున్న బిల్లీ హోర్షెల్ పార్‌కు నాలుగు తక్కువతో అగ్రస్థానానికి చేరాడు. అతని వెనుక ఒక్క దెబ్బ తేడాతో ఏకంగా ఆరుగురు ఉన్నారు.

ఉదయం ఆడినవారికీ మధ్యాహ్నం ఆడినవారికీ మధ్య ఇంత తేడా న్యాయమేనా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. మేజర్లలో యూఎస్ ఓపెన్, పీజీఏ ఛాంపియన్‌షిప్‌లలో తొలి రెండు రోజులూ 1వ, 10వ హోల్స్ రెండింటినుంచీ ఆట మొదలుపెట్టే ఏర్పాటు సాధారణంగా కనిపిస్తుంది. ఓపెన్‌ను నిర్వహించే ఆర్ అండ్ ఏ సంస్థ మాత్రం అందరినీ 1వ హోల్ నుంచే పంపే సంప్రదాయాన్ని నిలబెట్టుకుంది. వేసవిలో స్కాట్లాండ్‌లో పొద్దు చాలాసేపు ఉంటుంది కాబట్టి అది సాధ్యమవుతోంది. దీనివల్ల తొలి రెండు రోజుల్లో మొదటి జట్టుకూ (కలిసి నడుస్తూ ఆడే కొద్దిమంది ఆటగాళ్లకు) చివరి జట్టుకూ మధ్య దాదాపు పది గంటల తేడా వస్తుంది. సముద్రతీరంలో పది గంటల్లో వాతావరణం పూర్తిగా మారిపోవచ్చు. గురు, శుక్రవారాల్లో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బయలుదేరే విధంగా ఆ తేడాను కొంత సరిచేస్తారు. శనివారం మాత్రం వెనకబడినవారు ముందు, ముందున్నవారు చివర బయలుదేరుతారు కాబట్టి, ఆ రోజు సాయంత్రం గాలి పెరిగితే దాని భారమంతా నాయకుల మీదే పడుతుంది. ఇది లోపమని వాదించేవారిని నేను తప్పుపట్టను. అయినా ప్రేక్షకుడిగా ఆలోచిస్తే, అందరూ ఒకే క్రమంలో, ఒకే దారిలో మైదానాన్ని చుట్టిరావడం వల్లే పోటీ కథ మన కళ్లముందు వరుసగా విప్పుకుంటుంది. నాయకుడు 8వ హోల్ దగ్గర తడబడిన సంగతి ముందు నడుస్తున్న జట్లకు బోర్డుల ద్వారా చేరుతుంది, వారి ఆటలో ధైర్యం కనిపించడం మొదలవుతుంది. రెండు చోట్ల మొదలయ్యే పోటీలో ఈ క్రమం చెదిరిపోతుంది. ఏర్పాటును మార్చవద్దనే నేను కోరుకుంటాను.

పాతతరం ప్రేక్షకులు 2016లో ఇదే మైదానంలో హెన్రిక్ స్టెన్సన్ చివరిరోజు 63తో, మొత్తం 264 దెబ్బలతో, పార్‌కు 20 తక్కువతో గెలిచిన పోటీని తలచుకుంటారు. ఫిల్ మికెల్సన్ పార్‌కు 17 తక్కువ కొట్టి కూడా రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2024లో గెలిచిన స్కోరు పార్‌కు 9 తక్కువ, అంటే 275. స్టెన్సన్, మికెల్సన్ ద్వంద్వ పోరాటం అపురూపమైనదే, కానీ అది ఇద్దరి ఆట. 2024లో చివరిరోజు మధ్యాహ్నం దాకా విజేత ఎవరో చెప్పలేని స్థితి ఉంది. రెండింటిలో ఒకదానికే టికెట్టు దొరికితే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

ఆదివారం వాతావరణం కాస్త శాంతించింది. జాండర్ షాఫెలే ఆ రోజు ఆరు బర్డీలతో, ఒక్క బోగీ (పార్‌కంటే ఒక దెబ్బ ఎక్కువ) లేకుండా 65 కొట్టి, జస్టిన్ రోజ్, హోర్షెల్ ఇద్దరికంటే రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. మే నెలలో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచిన అతనికి ఇది అదే ఏడాది రెండో మేజర్. అమెరికన్లు ఒకే ఏడాదిలో నాలుగు మేజర్లూ గెలవడం 1982 తరువాత మళ్లీ అప్పుడే. 11వ హోల్‌లో పొడవు గడ్డినుంచి కొట్టిన రెండో దెబ్బ గుంటకు కొన్ని అడుగుల దూరంలో ఆగడంతో అతని జోరు మొదలైంది. ఆపైన 13, 14, 16 హోల్స్‌లోనూ బర్డీలు వచ్చాయి. గెలుపు గొప్పదే, ఆ ఆటలో ఎక్కడా తొట్రుపాటు లేదు. జనం గుండెలు మాత్రం రోజ్ వెంటే నడిచాయి. 43 ఏళ్ల వయసులో, ఎంపిక పోటీలో పాల్గొని మరీ చోటు సంపాదించుకున్న ఇంగ్లండ్ ఆటగాడు చివరిరోజు 67 కొట్టి కూడా ఓడిపోయాడు. ఓపెన్ ప్రేక్షకుల గొప్పతనం ఇలాంటప్పుడే తెలుస్తుంది. వారు మంచి దెబ్బను దాని కష్టాన్ని బట్టి మెచ్చుకుంటారు. గాలిలో గుంటకు ముప్పై అడుగుల దూరంలో ఆగిన బంతికి కూడా, అంతకంటే దగ్గరగా ఆపడం అసాధ్యమని తెలిసి, చప్పట్లు కొడతారు.

ఇక ఏర్పాట్ల విషయం. నాలుగు పోటీ రోజులు, సాధన రోజులు కలిపి వారమంతా రెండున్నర లక్షలకు పైగా జనం వచ్చినా మైదానానికి చేరుకోవడం పెద్ద కష్టం కాదు. గ్లాస్గో నుంచి రైలులో సుమారు నలభై నిమిషాల ప్రయాణం. ట్రూన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. టికెట్లకు గిరాకీ ఎక్కువ కాబట్టి ముందుగా పేరు నమోదు చేసుకుని లాటరీ పద్ధతిలో పొందాలి. పెద్దవారితో వచ్చే 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, ఇది మెచ్చుకోదగిన నిర్ణయం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకు బదులు తాగునీరు ఉచితంగా నింపుకునే కుళాయిలు పెట్టారు. స్టాండ్లలో చాలావాటికి అదనపు రుసుము లేదు. ఖాళీ ఉంటే ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఖరీదైన ఆతిథ్య గుడారాలు పెరుగుతున్నా, మామూలు టికెట్టుతో వచ్చినవారికి మైదానమంతా తెరిచి ఉండడం ఈ పోటీకి వన్నె తెచ్చే విషయం.

లోపాలు కూడా చెప్పాలి. నేలమట్టంలో నిలబడితే పేరున్న ఆటగాళ్లున్న జట్ల వెనుక తలలు తప్ప ఆట కనిపించదు, ముఖ్యంగా తొలి హోల్స్ దగ్గర నేల చదునుగా ఉండడం వల్ల ఇది మరీ ఇబ్బంది. 8వ హోల్ స్టాండులో మంచి చోటు కావాలంటే పొద్దున్నే వెళ్లి తీరాలి. వాన వస్తే తలదాచుకోవడానికి చెట్టు నీడ కూడా ఉండదు, గొడుగు గాలికి నిలవదు. తలకు బిగిసే టోపీ ఉన్న వానకోటు, నీరు పట్టని బూట్లు లేకుండా వెళ్లడం అవివేకం. మైదానం పొడవుగా సాగినందువల్ల దూరపు కొసనుంచి 18వ గ్రీన్‌కు తిరిగిరావడానికి చాలా సమయం పడుతుంది, చిన్నపిల్లలతో వచ్చేవారు మొత్తం చుట్టిరావాలనే ఆలోచన మానుకుని 6, 7, 8 హోల్స్ పరిసరాల్లోనే ఉండడం మంచిది.

టీవీ ప్రసారంతో పోల్చినప్పుడు ఈ లోపాలన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. కెమెరా ఎత్తుపల్లాలను చదును చేస్తుంది, గాలిని జెండా రెపరెపలకు కుదించేస్తుంది. ప్రసారంలో 8వ హోల్ చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది. మైదానంలో నిలబడితే బంతి బయలుదేరిన దిక్కుకూ చేరిన చోటుకూ మధ్య ఎంత వంపు ఉందో కంటికి తెలుస్తుంది. అయితే పోటీ మొత్తం ఎలా సాగుతోందో తెలుసుకోవాలంటే చెవిలో రేడియో వ్యాఖ్యానం ఉండాలి, లేదా పసుపురంగు స్కోరు బోర్డులను తరచుగా చూసుకోవాలి. పోటీ అంతటినీ ఒకేసారి చూసే అవకాశం ఇంట్లో ఉన్నవారికే ఉంటుందని ఒప్పుకోవాలి.

2026లో రాయల్ బర్క్‌డేల్, 2027లో సెయింట్ ఆండ్రూస్ ఓపెన్‌కు వేదికలు. వీటిలో దేనికైనా వెళ్లదలిచి, ఒక్క రోజుకే వీలున్నవారికి నా సలహా శనివారం ఎంచుకోమనే. దాదాపు సగం మంది ఆటగాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు, మిగిలినవారు ఇద్దరిద్దరుగా ఆడతారు కాబట్టి నడక వేగం బాగుంటుంది, జనం చివరి జట్ల చుట్టూ మూగడం వల్ల ఉదయపు జట్లతో పాటు పద్దెనిమిది హోల్స్ హాయిగా నడవవచ్చు. అలా ఒక జట్టుతో చుట్టిరావడం ముగించి, మధ్యాహ్నం పొట్టి హోల్ ఒకదాని దగ్గర స్టాండులో చోటు చూసుకుంటే, ఉదయం మీరు చూసిన దెబ్బలనే నాయకులు మారిన గాలిలో ఏ కర్రలతో కొట్టవలసి వచ్చిందో పోల్చి చూడగలుగుతారు.